తాబేలుకో పెరటి తలుపు

ముందే చెప్పేస్తున్నాను, నేను రొయ్య తినను. మా వంశంలో ఎవరూ తినలేదు. అయినా ముప్పై రెండేళ్ళు బందరులో చేపల వ్యవహారాలు చూసే ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా రొయ్యల ఫైళ్ళే మోశాను. ఆ ఆఫీసు పేరు చెప్పను, పింఛను అక్కడినుంచే వస్తోంది. సాయంత్రం ఇంటికెళ్తే మా ఆవిడ ఉమామహేశ్వరి నన్ను వీధి అరుగు దగ్గరే ఆపి, కాళ్ళమీద చెంబెడు నీళ్ళు పోసిగానీ గడప దాటనిచ్చేది కాదు. కాగితానికి రొయ్య వాసన ఉండదే అంటే వినేది కాదు. ఇలాంటివాడు గిలకలదిండి పోతయ్య కథ చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. మరి ఇంకెవరు చెబుతారు? తెలిసినవాళ్ళు రాయరు, రాసేవాళ్ళకి తెలియదు. అందుకని నేనే పూనుకున్నాను, అడ్డం రాకండి.

పోతయ్య గిలకలదిండి రేవులో మరబోట్లకి రొయ్యల వలలు కుట్టేవాడు. ఆ వల పెద్ద సంచిలా ఉంటుంది. నోరు వెడల్పు, తోక సన్నం. బోటు దాన్ని సముద్రం అడుగున గంటలకొద్దీ ఈడ్చుకుపోతుంది. దారిలో ఏది ఎదురైతే అది లోపలికి పోవడమేగానీ బయటికి రావడం ఉండదు. పోతయ్య మనిషి నలభై ఐదు కిలోలకు మించడు. చెవి మీద వెదురు సూది, మొలలో చిన్న కత్తి. ఆ సూదినీ కత్తినీ ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. పెళ్ళాం పున్నమ్మ ఒకసారి ఆ కత్తితో చేప కోసిందని మూడు రోజులు అన్నం మానేశాడని రేవంతా చెప్పుకునేవారు.

నేనంటే గౌరవమే, కానీ నోరు ఊరుకోదు. "మీరు రొయ్య తినకుండా రొయ్యకి రూలు రాత్తారు గుమాస్తాగారూ, పెళ్ళికానోడు పురుడు పోసినట్టు" అనేవాడు. నేను కోప్పడితే తన చాప మీద చోటిచ్చి, సోడా తెప్పించేవాడు. సోడాకి అంటు లేదని మా ఆవిడకి నేను చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

మాఘమాసం వస్తే దివిసీమ వైపు, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ ఇసకల్లో గుడ్లు పెట్టడానికి సముద్రపు తాబేళ్ళు వస్తాయి. వలలో తాబేలు పడితే మా రేవువాళ్ళు చంపరు, తినరు. అది సాక్షాత్తూ కూర్మావతారం. దాని డిప్ప మీద పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, "తెలీక తెచ్చాం తల్లీ, ఎల్లిరా" అని నీళ్ళలోకి దింపుతారు. దానికోసం ప్రతి బోటులోనూ ఒక పసుపు కుంకుమల పొట్లం ఉంటుంది. కూర్మావతారం విష్ణుమూర్తి కదయ్యా, తల్లీ అంటారేమిటని నేనోసారి పోతయ్యని అడిగాను. గుడ్లు పెట్టేది మగోడాండీ అని ఎదురడిగాడు.

ఇలా ఉండగా తొంభై ఆరులో అమెరికావాడు ఒక మాటన్నాడు. వలలో తాబేలు తప్పించుకోవడానికి తలుపు పెట్టని దేశంనుంచి సముద్రపు రొయ్య మాకొద్దు అన్నాడు. రేవులో రొయ్య ధర దబ్బున పడింది. టీ బడ్డీ దగ్గర పెద్ద రభస. మన సముద్రం, మన తాబేలు, మధ్యలో వాడెవడు అని కొందరు. కొనేవాడు వాడేగా అని కొందరు. మన దేశమూ ఇంకో మూడు దేశాలూ కలిసి జెనీవాలో వ్యాపారాల పెద్ద పంచాయతీ ముందు ఫిర్యాదు పెట్టాయని పేపర్లో వచ్చింది. జెనీవా ఎక్కడుందని పోతయ్య అడిగితే, అక్కడ సముద్రం లేదని మాత్రం నాకు తెలుసన్నాను. సముద్రం లేని ఊళ్ళో తాబేలు తగువు తీరుస్తారా అని అతను చాలాసేపు నవ్వాడు.

నా పాట్లు వినేవాడెవడు? పొద్దున పూట, ఈ ఆంక్ష పేద దేశాలకి అన్యాయమనీ, మన జాలర్లు అనాదిగా తాబేళ్ళని పూజిస్తున్నారనీ ఒక నివేదిక టైపు చేసేవాణ్ణి. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, మన వలల్లో తాబేళ్ళు చచ్చిపోతున్నాయి కాబట్టి తక్షణం తలుపులు పెట్టించండని ఒక సర్క్యులరు టైపు చేసేవాణ్ణి. రెండింటి కిందా ఒకటే సంతకం. ఇదేమిటండీ అని మా ఆఫీసరుని అడిగాను. రెండూ నిజమేనోయ్, వేరే వేరే ఫైలు నంబర్లు వెయ్యి, కలిపెయ్యకు అన్నాడాయన. వ్యాపారాన్నీ ప్రకృతినీ మన దేశం ఎలా సమతూకంగా నడుపుతోందో నాకు ఆ రోజే అర్థమైంది.

ఇంకో చిత్రం వినండి. చెరువులో పెంచిన రొయ్యకి ఈ గొడవ లేదు, చెరువులో తాబేలుండదు కదా. దాంతో కృత్తివెన్ను వైపు చెరువుల తవ్వకం మరీ జోరందుకుంది. అక్కడే ఉన్న మా బావమరిది పిచ్చేశ్వరరావు రెండెకరాల వరిచేను తవ్వించి ఉప్పునీళ్ళు పెట్టాడు. ఆ ఉప్పు పక్కవాడి చేలోకి ఊరి, నారు ఎర్రబడి పోయింది. ఏమిట్రా ఇది అని నేను కేకలేస్తే, రొయ్యలమ్మి బియ్యం కొనుక్కోవచ్చు కదా బావగారూ అన్నాడు. అందరూ నీలాగే అనుకుంటే బియ్యం అమ్మేదెవడ్రా అంటే, ఆ సంగతి సర్కారు చూసుకుంటుందన్నాడు. సర్కారు అంటే నేను. నేనేం చూస్తాను, నా మొహం!

అసలు కథకి వస్తాను. పైనుంచి మా ఆఫీసుకి నమూనా తలుపు ఒకటి వచ్చింది. పెద్ద కోడిగుడ్డు ఆకారంలో ఇనుప చట్రం, మధ్యలో నిలువు ఊచలు. దాన్ని వల తోక దగ్గర ఏటవాలుగా బిగించాలి. రొయ్యలు ఊచల సందుల్లోంచి తోకలోకి పోతాయి. తాబేలు ఊచలకి తగిలి పైకి జారి, అక్కడ కోసిన కంతలోంచి బయటపడుతుంది. కంత మీద వలగుడ్డ రెక్క ఒకటి వాలి ఉంటుంది, అదే తలుపు. ఈ నమూనాని వాడి చూడమని బోటు యజమానుల పెద్ద దయానందానికి ఇస్తే, ఆయన మేడ మీద టీవీ యాంటెన్నాకి ఊతంగా నిలబెట్టాడు. బొమ్మ బ్రహ్మాండంగా వస్తోందని మాకు కబురు కూడా చేశాడు.

పోతయ్య ఆ మేడెక్కి చట్రాన్ని చూసొచ్చాడు. ఎవరి పాదానికో కుట్టిన చెప్పులాంటిదండీ, మన వలకి దాన్ని బిగిస్తే తాబేలుతోపాటు సగం రొయ్యలూ పోతాయి, మన కొలతకి నేనే కడతాను అన్నాడు. తా దూర కంత లేదు, మెడకో డోలు అని టీ బడ్డీ దగ్గర నవ్వారు. దయానందం నవ్వలేదు. ఆయన ఎనభై నాలుగు కిలోల మనిషి, ఏదన్నా నెమ్మదిగానే అంటాడు.

"చూడు పోతయ్యా, నీ తలుపు పరీక్ష పాసైతే రేవులో బోట్లన్నిటికీ నువ్వే కుట్టు. లేదంటే తలుపులతో సహా తయారువలలు బయట్నించి తెప్పిస్తా. నాకు రొయ్య అమ్ముడవ్వాలి, నీ సూది కాదు."

పోతయ్య నా దగ్గరికొచ్చి, అరవయ్యో ఏట కంపెనీలో కూర్చుని రొయ్యల తలకాయలు ఒలవాలేమోనండీ అన్నాడు. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి ఆ ఒక్క మాటా అని చెవి మీది సూది తడుముకుంటూ కూర్చున్నాడు.

చట్రం చేయించడానికి గుడివాడ వెళ్ళాడు. అక్కడ కొండయ్య అని కిటికీ గ్రిల్సు చేసేవాడున్నాడు. కొలతలు విని కొండయ్య, గుండ్రటి కిటికీ ఎవరింటికండీ అని అడిగాడట. తాబేలుకి అంటే ఏమనుకుంటాడో అని, మావాళ్ళకే అన్నాడు పోతయ్య. మీవాళ్ళంటే మావాళ్ళు కారా అని కొండయ్య డబ్బులడక్కుండా మధ్య ఊచ పైకొసన ఇనపరేకు తామరపువ్వు ఒకటి వెల్డింగు చేసిచ్చాడు. దాన్ని పీకించేయవయ్యా అని నేనంటే పోతయ్య ఒప్పుకోలేదు. ఆప్యాయంగా పెట్టిందాన్ని పీకుతామా అన్నాడు. ఆ పువ్వు సంగతి గుర్తుంచుకోండి.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో పరీక్షకి మాధవీలత అనే శాస్త్రవేత్త కొచ్చిన్‌నుంచి వచ్చింది. అవనిగడ్డ పిల్లే. ముప్పై లోపు వయసు, మాట సూటి. పరీక్ష పద్ధతి చెప్పింది. తలుపు బయట ఇంకో సంచి వల కడతాం. తాబేలు అందులో పడాలి, రొయ్యలు పడకూడదు. నా కళ్ళతో చూస్తేనే సంతకం. ఆడవాళ్ళు బోటు ఎక్కకూడదన్న ఆచారం ఒకటి రేవులో ఉంది. పెద్దలు ఓ గంట కూర్చుని, ఆఫీసరుకి ఆడా మగా తేడా లేదని తీర్మానించారు.

పరీక్ష ముందురోజు సాయంత్రం రేవులో మరో తతంగం. మనవాళ్ళు ఇంటికి ద్వారబంధం ఎత్తితే పూజ చెయ్యరూ? తలుపంటే తలుపే కదా అని పున్నమ్మ పట్టుబట్టింది. వలకి బిగించిన చట్రానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, నవధాన్యాల మూట వేలాడదీసింది. గుమ్మం ఏ దిక్కుకి ఉండాలని ఎవరో వాస్తు తీశారు. ఆ రోజుల్లో వాస్తు పిచ్చి అలా ఉండేది. వల బోటు వెనకాల తిరుగుతుంది కదరా, దానికి అన్ని దిక్కులూ తూర్పే అని పోతయ్య కసిరాడు. పొద్దు వాలింది. పున్నమ్మ దీపం పెట్టి అందరికీ వడపప్పు పంచింది. ఇంటికొస్తే మా ఆవిడ మామూలుగానే పెరటి తలుపు వేసి, అప్పుడు వీధి తలుపు బార్లా తీసి దీపం పెడుతోంది. దీపాల వేళ పెరటి తలుపు తెరిచుంటే ముందునుంచి వచ్చిన లక్ష్మి వెనకనుంచి వెళ్ళిపోతుందని మన నమ్మకం కదా. నేనేమీ పట్టించుకోలేదు. పట్టించుకుంటే ఈ కథే ఉండేది కాదు.

తెల్లవారకముందే దయానందం బోటులో బయల్దేరాం. నా పని మూడు ప్రతుల్లో ఫారం నింపడం. మా ఆవిడ పెరుగన్నమూ నిమ్మకాయా కట్టిచ్చింది. పెరుగన్నం రేవు ముందరి ఇసక బారు దాటగానే సముద్రానికి సమర్పించుకున్నాను. నిమ్మకాయ వాసన చూస్తూ తాళ్ళ చుట్ట మీద కూలబడ్డాను. మసక చీకట్లోనే వల దించారు. రెండు గంటలు ఈడ్చారు. ఎత్తారు.

బయటి సంచి ఖాళీ. వల తలుపు దగ్గర, ఊచలకి అడ్డంగా, పెద్ద తాబేలు. మెడ వేలాడిపోయి ఉంది.

అందరూ తాబేలుని చూస్తుంటే పోతయ్య తలుపుని చూశాడు. రెక్క అంచుకి ఎర్ర నైలాన్ దారం. వరసగా నాలుగు ముడులు. మాధవీలత కూడా చూసి, ఎవరు కట్టారిది అని అడిగింది. దయానందం తడుముకోకుండా, అలల దెబ్బకి చిక్కుపడిందండీ అన్నాడు. పోతయ్య కాదనకపోతే అంతటితో పోయేది, ఇంకో అవకాశం అడగొచ్చు. పోతయ్య నోరు ఊరుకోదని చెప్పాను కదా.

"చిక్కు కాదమ్మా, ముడి. నా పెళ్ళాం ముడి" అన్నాడు.

విషయం అందరికీ ఒక్కసారే తెలిసింది. వలకి ముందున్న నోరు వీధి తలుపు. వెనకున్న కంత పెరటి తలుపు. దీపం పెట్టిన పున్నమ్మ, రేపు రాబోయే లక్ష్మి వెనకనుంచి జారిపోకుండా పెరటి తలుపు వేసేసింది. ఏ ఇల్లాలైనా వేస్తుంది. తెల్లారి లేచాక తలుపు తీసేది కూడా ఆ ఇంట్లో ఆమే. కానీ ఆమె ఆఫీసరు కాదు కదా, బోటు ఎక్కలేదు. వేసినమ్మ ఒడ్డున ఉండిపోయింది, తలుపు సముద్రంలోకి వచ్చేసింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఆ వేలాడే మెడ చూస్తే నవ్వు రాలేదు. రొయ్య తిననివాణ్ణి, నాకేం పాపం అనుకుంటూ ఉండేవాణ్ణి. నా జీతం మాత్రం ఎక్కణ్ణించి వచ్చింది? ఆ వలలోంచే. నాకు ఏడుపే వచ్చింది, దాచుకోలేదు.

తాబేలు చచ్చిపోలేదు, నీళ్ళు మింగి సొమ్మసిల్లింది, వెనక భాగం ఎత్తుగా పెట్టాలి అని మాధవీలత చెప్పేసరికే పోతయ్య దాని తోక కింద పాత టైరు పెట్టి, డిప్ప మీద తడి గోనె కప్పుతున్నాడు. చదువుకున్నామె పద్ధతీ చదువుకోనివాడి పద్ధతీ ఒకటే అయింది. రెండు గంటలు దాని పక్కనే కూర్చుని, గోనె ఆరినప్పుడల్లా తడిపాడు. దయానందం డీజిలు గురించి గొణుగుతూనే ఉన్నాడు. చివరికి అది కన్ను తెరిచి, బుస్సున ఊపిరి వదిలి, రెక్కలాంటి ముంగాలితో ఒక్కటిచ్చింది. నా ఫారం రెండో ప్రతి తడిసి ముద్దయింది.

మాధవీలత గడియారం చూసుకుంది. సాయంత్రం ఆమె రైలు పట్టుకోవాలి. దీన్ని కాసేపు తేరుకోనిచ్చి, దారం తెంపి, వల నోట్లో వదిలి నెమ్మదిగా నాలుగు నిమిషాలు లాగుదాం, తలుపులోంచి వస్తే సంతకం పెట్టేస్తాను, దానికేమీ కాకుండా నేను చూసుకుంటాను అంది. న్యాయమైన మాటే. కానీ అప్పటికే పోతయ్య దాని డిప్పకి పసుపు రాసి కుంకుమ పెట్టేశాడు.

"పుట్టింట్లో బొట్టెట్టి పంపిన ఆడపిల్లని గడప దాటాక ఎనక్కి పిలవమమ్మా. ఇది ఎల్లిపోవాల" అన్నాడు.

దయానందం నెమ్మదితనమంతా ఎగిరిపోయింది. నీ కూటికి నువ్వే మన్ను కొట్టుకుంటున్నావన్నాడు. మళ్ళీ తాబేలు ఎప్పుడు పడుతుందో, ఈమె మళ్ళీ ఎప్పుడొస్తుందో, అప్పటిదాకా ఆగనన్నాడు, తయారువలలకి రేపే ఫోను చేస్తానన్నాడు. అన్నీ నిజమే. పోతయ్య నన్ను సాయం పట్టమని తాబేలుని అంచుదాకా తెచ్చి, తెలీక తెచ్చాం తల్లీ అని దింపేశాడు. ఆ బరువు, ఆ వాసన నా చేతులకి అంటింది. మా ఆవిడకి ఈ సంగతి ఇప్పుడు చదివితేనే తెలుస్తుంది.

వెనక్కి తిరిగాం. ఏటి మొగలోకి వచ్చాక, మెడలోతు నీళ్ళ దగ్గర, పోతయ్య నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"గుమాస్తాగారూ, ఆ కాయితంలో తాబేలనే రాసుందా?"

ముప్పై రెండేళ్ళ సర్వీసులో నా విద్యకి అంత విలువ ఎప్పుడూ దక్కలేదు. తడిసిన ప్రతి పక్కన పెట్టి పొడి ప్రతి తీశాను. పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాను. 'పరీక్షించిన జీవి' అని ఉంది, 'బరువు' అని ఉంది, 'బయటపడుటకు పట్టిన సమయం' అని ఉంది. తాబేలు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి చెప్పేలోపలే పోతయ్య చొక్కా విప్పేశాడు. తాబేలు బరువు ఎంత ఉంటుందని మాధవీలతని అడిగాడు. నలభై, నలభై ఐదు కిలోలంది. నేనూ అంతే అన్నాడు. ఆ అమ్మాయి వద్దంది. తర్వాత అరనిమిషం ఆలోచించి, నడుముకి తాడు కట్టుకుంటేనే అంది. పొద్దున్నుంచి ఆమె మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

బయటి సంచి విప్పేశారు. ఇద్దరు మనుషులు వల నోరు పట్టుకున్నారు, మిగతావాళ్ళు నీళ్ళలో దిగి నెమ్మదిగా లాగారు. పోతయ్య లోపలికి మునిగాడు. నేను గడియారం పట్టుకున్నాను. పది, పదిహేను. కంతలోంచి తల బయటికొచ్చింది, భుజాలొచ్చాయి. అక్కడ ఆగిపోయాడు. నీళ్ళ కింద తన్నుకుంటున్నాడు. తాడు లాగితే రావడం లేదు. ఇరవై ఐదు. కొండయ్య ఆప్యాయంగా పెట్టిన తామరపువ్వు పోతయ్య మొలతాడుని పట్టుకుంది. ముప్పై. అప్పటిదాకా తిట్టిన దయానందమే చొక్కాతో దూకి, తడిమి, మొలతాడు తెంపాడు. పోతయ్య పైకి తేలేసరికి నలభై సెకన్లు.

బోటు అంచు పట్టుకుని చాలాసేపు దగ్గాడు. ఎంతసేపండీ అన్నాడు. చెప్పాను.

"నలభై సెకన్లకే నేను సచ్చిపోయాననుకున్నానండీ. ఆటిని రెండు గంటలు ఈడుత్తున్నాం. ఇరవయ్యేళ్ళనించీ తలుపుల్లేని వలలు కుట్టింది నేనే గందా. బొట్టెట్టి దండవెట్టుకుంటే సరిపోద్దనుకున్నా."

నేను సముద్రం వైపు తిరిగిపోయాను. ఫెయిలని రాసెయ్యండి, తలుపు చిన్నదైంది అన్నాడతను. మాధవీలత నా చేతిలో కలం పట్టుకుని ఆపింది. రైలు రేపు కూడా ఉంటుంది పోతయ్యగారూ, కోసి మళ్ళీ కుట్టండి అంది.

అక్కడే ఇసకతిన్నె మీద కూర్చుని పోతయ్య కంతని జానెడు పెంచాడు. చట్రం తిప్పి, పానాతో తామరపువ్వు విరిచి జేబులో వేసుకున్నాడు. గంట పట్టింది. మళ్ళీ దిగబోతే మాధవీలత ఒప్పుకోలేదు. పైగా తాబేళ్ళలో ఇంకా పెద్దవీ ఉంటాయి, ఈసారి బరువైన జీవి కావాలంది. బోటులో ఉన్నవాళ్ళందరి తలలూ ఒకే వైపుకి తిరిగాయి. దయానందం ఒక అడుగు వెనక్కి వేశాడు. నాకు షుగరండీ అన్నాడు. షుగరు తలుపుకి అడ్డం రాదులే అన్నా అన్నాడు పోతయ్య.

పన్నెండు సెకన్లు. దయానందం సబ్బు జారినట్టు వచ్చేశాడు.

ఫారంలో ఉన్నదున్నట్టు రాశాను, నేను అబద్ధం రాయను. 'పరీక్షించిన జీవి: ఒకటి, పోతయ్య. రెండు, దయానందం.' నెల తిరక్కుండా మాధవీలత మళ్ళీ వచ్చి, నిజం తాబేలు తలుపులోంచి సంచిలో పడటం కళ్ళారా చూసుకునే సంతకం పెట్టిందనుకోండి. కానీ ఈలోపల నా ఫారం పైకి వెళ్ళింది. పైనుంచి మెమో వచ్చింది: 'దయానందం అనునది ఏ జాతి తాబేలు? వివరణ పంపగలరు.' స్థానిక జాతి అని జవాబు టైపు చేశాను. ఆ ఫైలు అంతటితో మూసేశారు.

తయారువలలు రాలేదు. రేవులో బోట్లన్నిటికీ పోతయ్యే తలుపులు కుట్టాడు. జెనీవాలో తీర్పు వచ్చింది. మనం గెలిచామని ఒక పేపరు రాసింది, ఓడామని ఇంకో పేపరు రాసింది. నేను రెండూ కత్తిరించి వేరే వేరే ఫైళ్ళలో పెట్టాను. ఇంతటితో ఆపేస్తే కథ బాగానే ఉంటుంది. కానీ మనవాళ్ళ సంగతి తెలియందా? జానెడు పెద్దదైన తలుపులోంచి గుప్పెడు రొయ్యలు పోతున్నాయని, బోట్లవాళ్ళు బయల్దేరే ముందురోజు సాయంత్రమే ఎవరి తలుపు వాళ్ళు దారంతో కట్టేసుకోవడం మొదలుపెట్టారు. తనిఖీ వస్తే విప్పుతారు, పోతే కడతారు. అందరికన్నా ముందు కట్టినవాడు, పన్నెండు సెకన్లలో అందులోంచి వచ్చిన దయానందమే. నాకు ఒళ్ళు మండి ఘాటైన సర్క్యులరు ఒకటి తీశాను. దాంట్లో పకోడీలు కట్టించుకుని నాకే ఇచ్చారు.

మన తలుపంతా వృథా అయిందయ్యా అంటే, పోతయ్య సూది కదుపుతూనే చూద్దాం అన్నాడు.

రెండువేల సంవత్సరం మాఘంలో ఒకరోజు తెల్లారగట్ల పనిబడి రేవుకి వెళ్ళాను. బోట్లు ఇంకా కదలలేదు. వలలన్నీ గట్టు మీద పరిచి ఉన్నాయి. పున్నమ్మ చేపల గంప చంకన పెట్టుకుని ఒక్కొక్క వల దగ్గరా వంగుతోంది. తలుపు వెతుక్కుని, కట్టిన దారం తెంపి, రెక్క ఎత్తి చూసి, ఇంకో వల దగ్గరికి వెళ్తోంది. ఆడవాళ్ళు బోటు ఎక్కకూడదుగానీ గట్టు మీద నడవకూడదని ఏ ఆచారమూ లేదు. ఎన్నాళ్ళనుంచి చేస్తోందో. అక్కడున్న మగవాళ్ళు చూసీ చూడనట్టు బీడీలు కాలుస్తున్నారు. పొద్దున్నే తలుపు తీసే ఇల్లాలిని ఏమని ఆపుతారు?

దయానందం మాత్రం తన వల దగ్గర అడ్డం నిలబడ్డాడు. ఏందమ్మా పున్నమ్మా ఇది, నా వలతో నీకేం పని అన్నాడు. ఆమె గంప కింద పెట్టింది. ఆమె చేతిలో ఉన్నది పోతయ్య మొలకత్తి.

"సందేళ నువ్వేసుకున్నావు, తప్పులేదు. తెల్లారాక తలుపు తియ్యకపోతే ఇల్లెట్టా అవుద్ది బావా?" అంది.

దయానందం పక్కకి జరిగాడు. ఆమె వంగి దారం తెంపింది.